ఫాంట్లు వేలల్లో ఉన్నప్పుడు ఏ ఫాంట్ మేనేజర్ వాడాలి?

ఎనిమిది వేల ఫాంట్లూ సిస్టమ్‌లోనే ఇన్‌స్టాల్ చేసి ఉన్నాయి, ఇల్లస్ట్రేటర్ తెరుచుకోవడానికే యుగం పడుతోంది, ఫాంట్లను కావలసినప్పుడు మాత్రమే ఆన్ చేసుకోనిచ్చే ఫాంట్ మేనేజర్లలో ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని కదా మీ ప్రశ్న. పేర్లు ముందే చెప్పేస్తాను. ఫాంట్‌బేస్‌తో మొదలుపెట్టండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, మామూలు పనికి డబ్బు కట్టక్కర్లేదు. మ్యాక్ మాత్రమే వాడేవాళ్లకు రైట్‌ఫాంట్ బాగుంటుంది. టీమంతా ఒకే లైబ్రరీ పంచుకోవాలంటే కనెక్ట్ ఫాంట్స్ ఉంది, ఒకప్పటి సూట్‌కేస్ ఫ్యూజన్ అదే. దానికి చందా కట్టాలి. ఈ రోజుల్లో చందా అడగనివి తక్కువే లెండి!

నేనైతే డూప్లికేట్లను, అంటే ఒకే పేరుతో ఉన్న రెండో ఫాంట్ ఫైళ్లను, సరిగ్గా పట్టుకోని మేనేజర్‌ను ఆ రోజే తీసేస్తాను. ఎందుకో చెప్తాను. ఒకసారి ధరల పట్టికలున్న కేటలాగ్ ఒకటి, పేజీలు పేర్చే అడోబ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేసి పంపాను. అవతల ఫైల్ తెరిచిన కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, అంకెలు వరుసలో నిలబడట్లేదు" అన్నాడు. మిస్సింగ్ ఫాంట్ హెచ్చరిక రాలేదు, ఫాంట్ లేనప్పుడు అక్షరాల వెనక పడే గులాబీ రంగు కూడా పడలేదు. ఫాంట్ పేరు కూడా అదే. కానీ 1 వచ్చిన చోటల్లా పక్క అంకె దానికి అతుక్కుపోయింది, పదుల కింద పదులు లేవు. నా దగ్గరున్నది పాత వెర్షన్, అందులో అంకెలన్నీ ఒకే వెడల్పు. అతని దగ్గరున్న కొత్త వెర్షన్‌లో ఏ అంకె వెడల్పు దానిదే. ఫాంట్‌ను సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టడానికి ఫైల్ లోపల రాసి ఉన్న పోస్ట్‌స్క్రిప్ట్ పేరు రెండింటికీ ఒకటే కాబట్టి ఇన్‌డిజైన్ నోరెత్తలేదు. అతని కంప్యూటర్‌లో ఆ రెండు వెర్షన్లూ ఉన్నాయని తర్వాత తేలింది. మేనేజర్ ఉంటే రెండు ఫైళ్లనూ వెర్షన్ నంబర్లతో పక్కపక్కన చూపిస్తుంది, ఒకటి ఆఫ్ చేస్తే గొడవ వదులుతుంది. అప్పటినుంచి ఏ ఫైల్ పంపినా ప్యాకేజ్ చేసే, అంటే ఫాంట్లు, బొమ్మలతో సహా ఒకే ఫోల్డర్‌లో పెట్టే, పంపుతున్నాను. అందులో వచ్చే 'డాక్యుమెంట్ ఫాంట్స్' ఫోల్డర్‌ను ఇన్‌డిజైన్ ఆ ఫైల్ వరకు తనే వాడుకుంటుంది. అడోబ్ వాళ్ల ఆన్‌లైన్ ఫాంట్ సర్వీస్ అడోబ్ ఫాంట్స్ నుంచి తెచ్చుకున్నవి మాత్రం ఆ ఫోల్డర్‌లోకి రావు, అదో తలనొప్పి.

ఇంకో మాట. మీ ఫైళ్లన్నీ మింగి తన సొంత గోదాములో దాచుకునే సాఫ్ట్‌వేర్ వద్దు. కంపెనీ రేపు దాన్ని ఆపేస్తే మీ లైబ్రరీని బయటికి లాగడమే ఒక ఉద్యోగం. మీ ఫోల్డర్లను ఉన్నచోటే ఉంచి చదివేదాన్ని తీసుకోండి. ట్యాగులు, స్టార్లు, హృదయం గుర్తులు చూసి మురిసిపోకండి. ఎనిమిది వేల ఫాంట్లకు ఓపిగ్గా ట్యాగులు పెట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఉచిత ఫాంట్ల జిప్‌లు కనిపించినవన్నీ దింపుకోవడం ముందు ఆపాలి. వాటిలో చాలావి వ్యక్తిగత వాడకానికే, కమర్షియల్ పనికి లైసెన్స్ ఉండదు. కొన్నవాటి లైసెన్స్ కాగితం కూడా ఆ ఫాంట్ ఫోల్డర్‌లోనే పడేయండి.

టైప్ 1 అనే పాత ఫార్మాట్ ఫాంట్లు ఉంటే పక్కకు తీసేయండి. 2023 జనవరి నుంచి అడోబ్ వాటికి సపోర్ట్ ఆపేసింది, కొత్త ఇన్‌డిజైన్ మెనూలో అవి కనిపించవు.

మేనేజర్ పెట్టాక మీరు చేర్చుకున్న ఫాంట్లన్నీ సిస్టమ్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేసి, పనికి కావలసినవి మాత్రమే అందులోంచి యాక్టివేట్ చేసుకోండి. సెగో యూఐ లాంటి సిస్టమ్ ఫాంట్ల జోలికి మాత్రం పోవద్దు, విండోస్ మెనూలు కనిపించేది వాటితోనే.