మీ ప్రశ్న: 58 పాయింట్లు కొట్టి సెనేట్‌కి వెళ్లినాయన ఎవరు?

ప్రశ్న: అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇరగదీసిన కుర్రాడొకడు తర్వాత సెనేటర్ అయ్యాడని మా అన్నయ్య అంటాడు. ఎవరండీ ఆయన? నిజంగా అంత ఆటగాడా, లేక నాయకుడయ్యాక మొదలైన భజనా? కాలేజీ హీరోలు ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) తేలిపోతారు అని కూడా అంటారు కదా!
— ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: భజన కాదండీ, మీ అన్నయ్య చెప్పింది నిజమే. ఆయన బిల్ బ్రాడ్లీ. మిస్సోరీలో క్రిస్టల్ సిటీ అనే చిన్న ఊరు, తండ్రి బ్యాంకు నడిపేవాడు, అంటే డబ్బుకి లోటు లేని ఇల్లు. అయినా ఈ కుర్రాడు బూట్లలో సీసం బరువులు వేసుకుని గెంతేవాడు, కిందికి చూసినా బంతి కనపడకూడదని కళ్లద్దాల కింది భాగానికి అట్టముక్కలు అంటించుకుని, కుర్చీల మధ్య నుంచి బంతిని నేలకేసి కొడుతూ (డ్రిబుల్) పరిగెత్తేవాడు. ఇంట్లోవాళ్లు ఎలా భరించారో!

డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లాలనుకుని చివరి క్షణంలో ప్రిన్‌స్టన్ యూనివర్సిటీకి మారాడు. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వరు. అక్కడ మూడు సీజన్లలో 2,503 పాయింట్లు, అంటే మ్యాచ్‌కి సగటున 30 పైనే, మధ్యలో 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం. 1965 ఎన్‌సీఏఏ (కాలేజీల జాతీయ టోర్నీ) సెమీస్‌లో మిషిగన్ చేతిలో ఓడిపోయారు, కానీ మూడో స్థానం కోసం విచిటా స్టేట్‌తో ఆడిన మ్యాచ్‌లో ఒక్కడే 58 కొట్టాడు. 29 షాట్లు వేస్తే 22 పడ్డాయి, అదీ దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత లేని రోజుల్లో. మూడో స్థానంలో నిలిచిన జట్టు ఆటగాడికే టోర్నీ ఉత్తముడి అవార్డు ఇచ్చారంటే చూడండి.

వెంటనే ఎన్‌బీఏకి వెళ్లాడా అంటే, లేదు. రోడ్స్ అనే పేరున్న స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌కి చదువుకోడానికి వెళ్లాడు, అక్కడ చదువుకుంటూనే ఇటలీ వెళ్లి మిలాన్ జట్టుకి ఆడాడు, 1966లో ఆ జట్టు యూరప్ కప్పు గెలిచింది.

ఇక కాలేజీ హీరోలు ఎన్‌బీఏలో తేలిపోతారన్న మీ మాట సగం నిజం. 1967లో న్యూయార్క్ నిక్స్ అనే ఎన్‌బీఏ జట్టులో చేరినప్పుడు గార్డ్‌గా (బంతిని ముందుకు నడిపే ఆటగాడిగా) ఆడించారు, ఆ వేగం ఆయన వల్ల కాలేదు. తర్వాత ఫార్వర్డ్‌కి (బుట్ట వైపు ఆడే స్థానానికి) మార్చాక కుదురుకున్నాడు. పదేళ్ల కెరీర్ సగటు 12 పాయింట్ల చిల్లర, మేటి ఆటగాళ్లని ఎంపిక చేసి ఆడించే ఆల్‌స్టార్ మ్యాచ్ ఒక్కసారే, కాలేజీ లెక్కల పక్కన పెడితే ఏం బాగుంటుంది చెప్పండి? కానీ విల్లిస్ రీడ్, వాల్ట్ ఫ్రేజియర్ లాంటి స్టార్లున్న జట్టులో బంతి నా చేతిలోనే ఉండాలి అని పంతం పట్టకుండా, బంతి లేకుండా ఖాళీ వెతుక్కుంటూ పరిగెత్తడమే తన పని చేసుకున్నాడు. 1970, 1973లో రెండు టైటిళ్లు వచ్చాయి. నా మటుకు నాకు 58 పాయింట్ల కన్నా ఇదే గొప్ప.

1977లో ఆట మానేసి, మరుసటి ఏడాదే న్యూజెర్సీ రాష్ట్రం నుంచి డెమోక్రటిక్ పార్టీ తరఫున గెలిచి, 1979 నుంచి 1997 దాకా 18 ఏళ్లు సెనేట్‌లో ఉన్నాడు. అక్కడ ఆయనకి పట్టిన పిచ్చి ఆదాయపు పన్ను! మినహాయింపులు తగ్గించండి, స్లాబులూ రేట్లూ తగ్గించండి అని ఏళ్ల తరబడి పోరాడాడు. అప్పటి అధ్యక్షుడు రీగన్ ఎదుటి పార్టీ (రిపబ్లికన్) వాడైనా 1986లో ఆ చట్టం వచ్చింది, గరిష్ఠ రేటు 50 శాతం నుంచి 28కి దిగింది. 2000లో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం అప్పటి ఉపాధ్యక్షుడు అల్ గోర్‌తో తలపడి ఒక్క రాష్ట్రంలోనూ గెలవలేదు, మార్చిలోనే తప్పుకున్నాడు. ఆ తర్వాత పెట్టుబడి బ్యాంకింగ్ ఉద్యోగంలో చేరాడు.