అయిదు అచ్చులూ వరసగా వచ్చే ఇంగ్లీషు మాటలేవి?
ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కోసారి మాత్రమే, అదే వరసలో వచ్చే మాటల్లో బాగా వాడుకలో ఉన్నది ఫసీషస్. 9 అక్షరాలు. గంభీరమైన విషయంలో వేళాకోళమాడే తీరుకు వాడతారు. 10 అక్షరాల ఆబ్‌స్టీమియస్ అంటే తిండిలో, తాగుడులో మితం పాటించే. రెంటికీ చివర ఎల్, వై చేరిస్తే వై కూడా వరసలోనే కుదురుతుంది, చక్కగా!

శాక్రిలీజియస్ దగ్గర మాత్రం జాగ్రత్త. పవిత్రమైనవాటికి అపచారం చేసే అని అర్థం. రిలీజియస్‌ను మనసులో పెట్టుకుని చాలామంది ఆర్ తర్వాత ఇ రాస్తారు, దాంతో వరస కుదిరినట్టే కనిపిస్తుంది. సరైన స్పెల్లింగులో అక్కడ ఐ, ఎల్ తర్వాతే ఇ. పైగా ఐ రెండుసార్లు వస్తుంది. అందుకే లెక్కలోకి రాదు.

తిరగేసిన వరస కావాలంటే 14 అక్షరాల సబ్‌కాంటినెంటల్ చూడండి: ఉపఖండానికి చెందిన. 15 అక్షరాల అన్‌కాంప్లిమెంటరీ కూడా అంతే: మెచ్చుకోలుగా లేని.