టెక్ సందేహాలు: ఈఆర్‌పీ కొనే ముందు స్టోర్స్ డైరీ చూడండి

ఆర్డర్ తీసుకున్న దగ్గర్నుంచి సరుకు కొనుగోలు, తయారీ, బిల్లు, వసూళ్ల దాకా వ్యాపారంలో జరిగే పనులన్నీ ఒకేచోట నమోదయ్యే సాఫ్ట్‌వేరే ఈఆర్‌పీ. దాని మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నలో ఉన్న ఇబ్బంది చాలామందిది, అందుకే దానికి కాస్త ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: హైదరాబాద్ జీడిమెట్లలో మాకు మెషినింగ్, ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది. 42 మంది పనిచేస్తారు, టర్నోవర్ 11 కోట్లు. లెక్కలు ట్యాలీలో, స్టాక్ ఎక్సెల్‌లో, ప్రొడక్షన్ సంగతులు వాట్సాప్ గ్రూపులో నడుస్తున్నాయి. మెటీరియల్ ఉందనుకుని ఆర్డర్ ఒప్పుకుంటాం, తీరా చూస్తే ఉండదు. ఎస్ఏపీ బిజినెస్ వన్, ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్ వాళ్లు వచ్చి డెమో ఇచ్చారు. మూడూ బాగానే అనిపించాయి. దేన్ని తీసుకోవాలి?

జవాబు: డెమోలో ఏదైనా బాగానే అనిపిస్తుంది. అందులో కంపెనీ వాళ్లది, ఐటెమ్‌లు వాళ్లవి, బిల్లు కూడా వాళ్లు వందసార్లు చేసి చూపించినదే. అక్కడ తుక్కు ఉండదు, రేటు మధ్యలో మారదు, కస్టమర్ ఫోన్ చేసి ‘200 వద్దు, 150 చాలు’ అనడు. కాబట్టి ముగ్గురినీ మళ్లీ పిలవండి. ఈసారి మీ సరుకుతో, మీ ఆర్డర్‌తో చేసి చూపించమనండి.

ఉదాహరణకు 16 ఎంఎం రౌండ్ బార్ తీసుకోండి. కొనేది కిలోల్లో, వాడేది ముక్కల్లో. మైల్డ్ స్టీల్ అయితే మీటరుకు దాదాపు 1.58 కిలోలు, అంటే 6 మీటర్ల బార్ తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. మీకు 185 ఎంఎం ముక్కలు కావాలి, ఒక్కో కోతకు బ్లేడు 3 ఎంఎం తినేస్తుంది అనుకుందాం. ఒక్కో బార్‌కు 31 ముక్కలు వస్తాయి, చివర 172 ఎంఎం తుండు మిగులుతుంది. ఆ తుండు తుక్కులోకి వెళ్తుందా, ఇంకో చిన్న పార్టుకు పనికొస్తుందా? పనికొస్తే స్టాక్‌లో ఏ పేరుతో, ఎంత విలువతో ఉండాలి? ఎక్సెల్‌లో కనిపించిన మెటీరియల్ ర్యాకులో లేకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. కిలోల్లో చూస్తే సరుకు ఉన్నట్టే ఉంటుంది, దగ్గరికెళ్లి చూస్తే అవన్నీ తుండ్లే.

ఇప్పుడు అదే ఆర్డర్‌ను బయటికి పంపండి. 500 ముక్కలు గాల్వనైజింగ్‌కు, అంటే జింక్ పూతకు వెళ్లాయి. 480 బాగా వచ్చాయి, 12 రిజెక్ట్, 8 లెక్కలో లేవు. ఇందులో 300 మొదటి చలాన్ మీద, మిగతావి పది రోజుల తర్వాత వచ్చాయి. ఆ 8 ముక్కలు ఎవరి దగ్గర ఉన్నట్టు చూపిస్తోందో తెర మీద అడగండి. ఇలా బయటివాళ్లతో పని చేయించుకోవడానికి, అంటే జాబ్‌వర్క్‌కు పంపిన మెటీరియల్ ఏడాదిలోగా తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ కట్టమంటుంది జీఎస్టీ చట్టం. ఏడాది దగ్గరపడుతున్న చలాన్లను సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపించాలి. ఇంకొకటి, మీ టర్నోవర్ 10 కోట్లు దాటింది కాబట్టి 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీకి 30 రోజుల్లోపు ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ఆ గడువు దాటితే పోర్టల్ తీసుకోదు. కాబట్టి ఈ-ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే వెళ్తుందా, ఫైలు తయారుచేసి మీరే అప్‌లోడ్ చేసుకోవాలా అన్నది కూడా అక్కడికక్కడే చూడండి.

ఈ పరీక్షలో మీ పక్కన తప్పకుండా కూర్చోవాల్సిన మనిషి స్టోర్స్ చూసుకునే ఆయన. కొన్నేళ్ల కిందట ఒక యూనిట్‌కు వెళ్లాను. కంప్యూటర్‌లో ఒక బార్ 40 ఉన్నట్టు చూపిస్తోంది. స్టోర్స్ పెద్దాయన చొక్కా జేబులోంచి నూనె మరకలున్న చిన్న డైరీ తీసి 26 అన్నాడు. వెళ్లి లెక్కపెడితే 26. అదే కంప్యూటర్‌లో ఆ ఒక్క బార్‌కే నాలుగు పేర్లు ఉన్నాయి: ‘ఎంఎస్ రాడ్ 16’, ‘16 ఎంఎం రౌండ్’, ‘రౌండ్ బార్ 16 డయా’, ‘ఎంఎస్ 16 ఆర్‌డీ’. ఎవరు ఎంట్రీ కొడితే వాళ్లకు తోచిన పేరు పెట్టేశారు. అప్పటికే ఆ యూనిట్‌వాళ్లు ఒక ఈఆర్‌పీకి డబ్బు కట్టి ఉన్నారు. కానీ ఆ పెద్దాయనను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మీరు ఏది కొన్నా, ఆయన తన డైరీ పక్కన పెట్టేంత సులువుగా ఉండాలి. తెలుగులో ఐటెమ్ పేరు కనిపిస్తే చాలా, బార్‌కోడ్ కావాలా, ఫోన్‌లో రెండు నొక్కులతో ఇష్యూ (స్టోర్స్ నుంచి సరుకు ఇచ్చినట్టు ఎంట్రీ) అయిపోవాలా అన్నది ఆయన చెప్పాలి.

కొనే ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి. మీ ఇబ్బంది స్టాక్ ఒక్కటేనా? అయితే ట్యాలీప్రైమ్‌లోనే ఒక ఐటెమ్‌కు రెండు యూనిట్లు, బిల్ ఆఫ్ మెటీరియల్స్ (ఒక వస్తువు తయారీకి ఏ సరుకు ఎంత కావాలో చెప్పే జాబితా), జాబ్‌వర్క్ ఆర్డర్లు ఉన్నాయి. చాలామంది వాటిని తెరిచి కూడా చూడరు. ఏ జాబ్ ఏ మెషీన్ మీద ఉంది, ఎన్ని గంటలు పట్టింది, రేపు ఏ లేత్ ఖాళీ అన్నవి కూడా తెలియాలంటేనే ట్యాలీ దాటి వెళ్లాలి. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఆ అవసరం వచ్చినట్టే ఉంది.

ఇక ఆ మూడింటి సంగతి. ఎస్ఏపీ బిజినెస్ వన్ గట్టి సరుకే. లైసెన్సు వాడేవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది, అమలు చేసేది, మార్పులు చేసేది పార్ట్‌నర్ కంపెనీ. నాలుగైదు ఊళ్లలో యూనిట్లు ఉంటే అది తీసుకోమనేవాణ్ని. ఓడూ బెల్జియం కంపెనీది. దాని కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే కానీ పూర్తిస్థాయి అకౌంటింగ్ డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో ఉంటుంది, కాబట్టి కొటేషన్‌లో ఏ ఎడిషన్ రాశారో చూడండి. ఈఆర్‌పీనెక్స్ట్ ముంబైకి చెందిన ఫ్రాపే తయారుచేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్సు ఫీజు లేదు, వర్క్ ఆర్డర్లు, జాబ్ కార్డులు, జాబ్‌వర్క్ అందులో ఉన్నాయి. అయితే సర్వర్‌కు, అమలు చేసేవాళ్లకు, ట్రైనింగ్‌కు డబ్బు పెట్టాల్సిందే. మీ స్థాయికి నా ఓటు దీనికే, ఒక్క షరతు మీద: అమలు చేసేవాళ్లు ఇంతకుముందు మీలాంటి యూనిట్‌లో చేసి ఉండాలి. ఆ యూనిట్‌కు మీరు ఒక్కరే వెళ్లండి, వాళ్లను వెంట తీసుకెళ్లొద్దు. ఓనర్‌ను పలకరించి, స్టోర్స్‌కు వెళ్లి ఇష్యూ ఎలా కొడుతున్నారో కళ్లారా చూడండి. అలాంటి యూనిట్ ఒక్కటీ చూపించలేకపోతే సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా వాళ్లకు ఇవ్వొద్దు.

‘మీకు ఎలా కావాలంటే అలా మార్చేస్తాం’ అన్న మాటకు పడిపోకండి. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో ఎస్ఏపీ ప్రాజెక్టు మొదలుపెట్టి 2018లో ఆపేసింది. అప్పటికి దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలు వచ్చాయి. సరుకు విలువను కొన్న ధర మీద లెక్కగట్టడం వాళ్ల అలవాటు, సాఫ్ట్‌వేర్ మామూలుగా చేసేది అమ్మకపు ధర మీద. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే వంచబోయారు. మీకు లాభం తెచ్చే పద్ధతి ఏదైనా ఉంటే, మీ కటింగ్ ప్లాన్ లాంటిది, దానికోసం సాఫ్ట్‌వేర్ మార్పించండి. గేట్ పాస్ రంగు, రిపోర్ట్‌లో కాలమ్‌ల వరస లాంటివాటికి డబ్బు తగలేయొద్దు.

మొదలుపెట్టే వేళ కూడా చూసుకోండి. మార్చిలో అకౌంటెంట్ ఊపిరాడని టెన్షన్‌లో ఉంటాడు. ఆయుధపూజకు మెషీన్లు ఆగే రోజుల్లో స్టాక్ మొత్తం చేత్తో లెక్కపెట్టించి, ఒక్కో ఐటెమ్‌కు ఒకే పేరు ఖాయం చేసి, స్టోర్స్, కొనుగోళ్లు, జాబ్‌వర్క్ మొదట ఎక్కించండి. ప్రొడక్షన్ ఆ తర్వాత. బిల్లులు, అకౌంట్లు ఏప్రిల్ 1 దాకా ట్యాలీలోనే ఉండనివ్వండి. ఎక్సెల్‌ను నెలకు మించి పక్కన నడపొద్దు. రెండు చోట్లా ఎంట్రీ కొట్టాలంటే మీవాళ్లు చివరికి ఒక్కచోట కూడా సరిగా కొట్టరు.

ప్రశ్న: విజయవాడలో మందుల హోల్‌సేల్ మాది. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఎస్ఏపీ కన్సల్టెంట్. చిన్నగా మొదలుపెట్టినా ఎస్ఏపీతోనే మొదలుపెట్టమంటున్నాడు. మీ సలహా?

జవాబు: మీ బావమరిది పనిచేసే కంపెనీల అవసరాలు వేరు, మీవి వేరు. మీకు కావలసింది బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, 10 కొంటే 1 ఉచితం లాంటి స్కీములు, ఎక్స్‌పైరీ వాపసులు, మెడికల్ షాపుల డ్రగ్ లైసెన్సు గడువు, సేల్స్‌మెన్ ఫోన్‌లోంచే ఆర్డర్ కొట్టే వీలు. వీటికోసమే తయారైన మార్గ్ లాంటి ప్యాకేజీలు ఉన్నాయి, మీ లైన్‌లో ఉన్నవాళ్లకు వాటితో పరిచయం ఉంటుంది, తెలిసిన కుర్రాళ్లు కూడా దొరుకుతారు. ఎక్స్‌పైరీ ముందున్న బ్యాచ్ ముందు బయటికి వెళ్లేలా బిల్లు దగ్గరే చూపించాలి. ఇది తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్ అమ్మే డీలర్‌ను ఒకటి అడగాలి. 2025 సెప్టెంబర్ 22న ఎక్కువ మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ఎంఆర్‌పీ ముద్ర ఉన్న బ్యాచ్‌లనే కొత్త రేటుతో బిల్లు చేయాల్సి వచ్చింది. ‘ఆ రోజు మీ కస్టమర్లకు అప్‌డేట్ ఎప్పుడు అందింది, ఫోన్ ఎవరు ఎత్తారు?’ అని అడగండి. ఆయన చెప్పింది విని, ఆయన కస్టమర్లలో ఇద్దరికి ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: విశాఖలో మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఎడిట్ లాగ్ లేని సాఫ్ట్‌వేర్ వద్దని ఆడిటర్ అంటున్నారు. క్లౌడ్‌లో పెడితే దానికీ ఏవో రూల్స్ ఉన్నాయంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు, ఎవరు మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ట్యాలీప్రైమ్‌లో ఇందుకోసం ఎడిట్ లాగ్ అని విడిగా ఒక ఎడిషన్ ఉంది. క్లౌడ్ వాడొచ్చు. కానీ పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ భారత్‌లోనే ఉన్న సర్వర్‌లో పడాలి. బ్యాకప్ ఏ ఊళ్లోని డేటా సెంటర్‌లో ఉంటుందో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లను రాతపూర్వకంగా అడగండి. లెక్కలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి కాబట్టి, చందా కట్టడం ఆపేస్తే పాత డేటా ఎలా చేతికొస్తుందో కూడా అదే లెటర్‌లో రాయించుకోండి.

ప్రశ్న: మాకు ఈఆర్‌పీ అమలు చేస్తామన్నవాళ్లు సగం పెట్టి వదిలేశారు. సగం డబ్బు ఇచ్చేశాం, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

జవాబు: డబ్బు గొడవ తర్వాత. ఇవాళే లోపలికి లాగిన్ అయి ఐటెమ్‌లు, పార్టీలు, స్టాక్, బకాయిలు అన్నీ ఎక్సెల్‌లోకి దించుకోండి. సర్వర్, డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్‌తో ఉన్నాయో చూడండి. వాళ్ల పేరు మీద ఉంటే మీ పేరుకు మార్చమని మెయిల్ పెట్టండి, అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అందులోనే అడగండి. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అయితే ఇంకొకరితో ముందుకు నడిపించుకోవచ్చు, కాకపోతే దించుకున్న ఆ ఎక్సెల్ ఫైళ్లతోనే కొత్తది మొదలుపెట్టాలి. అందుకే ముందు ఆ ఫైళ్లు తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో కంప్యూటర్‌లో ఒకటి దాచండి.