కరుణకు పెదనాన్న లేఖ: మడ మొక్కలు నాటే ముందు

అమలాపురం

ప్రియమైన కరుణకు,

ప్రభువు నామమున శుభములు. మీ సంఘపు స్త్రీల సమాజమూ యువజనులూ కలిసి, రామాలయం కమిటీవారినీ మసీదు పెద్దలనూ వెంటబెట్టుకుని, సెప్టెంబరులో ఒక ఆదివారం, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వెయ్యి మడ మొక్కలు నాటబోతున్నారని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెప్పి అతను హాయిగా నిద్రపోయి ఉంటాడు. నాకు మాత్రం తెల్లవారుజాము దాకా కన్ను మూతపడలేదు. సంతోషమా, భయమా అని మీ పెద్దమ్మ అడిగింది. రెండూ అన్నాను. పొద్దున్నే కాగితం తీసుకుని కూర్చున్నాను.

సంతోషం ఎందుకో ముందు చెబుతాను. నేను పరిచర్యలో చేరిన రోజులలో చెట్ల గురించి, నీటి గురించి మాట్లాడే పాస్టరును సువార్త మానేసి మొక్కల వెంట పడ్డాడని వెక్కిరించేవారు. ఆర్థడాక్స్ క్రైస్తవుల పెద్ద అయిన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ సెప్టెంబరు 1ని సృష్టి కొరకు ప్రార్థించే దినంగా 1989లోనే ప్రకటించారు గాని ఆ మాట మా పల్లెల దాకా రాలేదు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ భూమిని గురించి విశ్వలేఖ వెలువరించడం, అదే ఏడాది ఆగస్టులో ముస్లిం పండితులు ఇస్తాంబుల్‌లో కూడి వాతావరణ మార్పుపై ప్రకటన చేయడం, ఇవన్నీ నేను విశ్రాంతి తీసుకునే వయసులో జరిగినవి. మా తరం ఆలస్యంగా చదివినదాన్ని మీరు మూడు గుడుల వాళ్ళు కలిసి చేతులతో చేయబోతున్నారంటే ఈ ముసలివాడికి గర్వంగా ఉండదా?

చిన్న సంగతులు త్వరగా ముగిస్తాను. ఆ నేల అటవీశాఖదో, రెవెన్యూదో ముందు తెలుసుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకో. విత్తనం మన మొగలోని చెట్లదే తెచ్చుకో. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కన్ను మండిపోతుంది కాబట్టి దాని కొమ్మలు ఎవరూ విరవకూడదు. బురదలో ఆల్చిప్పలు కత్తుల్లా కోస్తాయి. నీ పాదాలు చిన్నప్పటినుంచీ సున్నితం, పాత బూట్లయినా వేసుకో. పదేళ్ళలోపు పిల్లలను పడవ ఎక్కించవద్దు. ఈ చివరి మాట సలహా కాదు, నా ఆజ్ఞ అనుకో. సముద్రపు పోటు తిరిగే వేళ బురదలో కాలు దిగబడితే పెద్దవాళ్ళే బయటపడలేరు. ఫోటోల కోసం పిల్లలను వరుసగా నిలబెట్టే సరదా ఎవరికైనా ఉంటే ఒడ్డున తీర్చుకోమను.

ఇక నా అసలు భయం. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను సముద్రానికి దగ్గరలోని ఒక పల్లెలో పాస్టరుగా ఉన్నాను. చర్చి రేకులు కాగితాల్లా ఎగిరిపోయిన తరువాత మేము నలభైమందిమి రామాలయం మండపంలో తలదాచుకున్నాము. పూజారిగారి భార్య మా పసిపిల్లలకు తన పొడి చీరలు చుట్టబెట్టింది. తెల్లవారి చూస్తే కోనసీమలో తల నిలబెట్టుకున్న కొబ్బరితోట కోసం వెదకవలసి వచ్చింది. ఆ తరువాత రెండేళ్ళకు, అలల దూకుడును మడ అడవి కొంత అడ్డుకుంటుందని చదివి, మా ఊరికీ ఒక మడ అడవి ఉండాలని పట్టుబట్టాను. అక్కడా ఇక్కడా చందాలు పోగుచేసి 2,000 మొక్కలు పాలిథీన్ సంచులలో పెంచాము. ఆరాధన ముగిశాక అందరమూ వెళ్ళి నాటాలని ఒక ఆదివారం నిర్ణయించాను.

ఆ శుక్రవారం సాయంత్రం, వేటలో తల నెరిసిన మత్స్యకారుల పెద్ద ఒకాయన మా గుమ్మం దగ్గరకు వచ్చి, తలగుడ్డ చేతిలోకి తీసుకుని, "అయ్యగారూ, ఎల్లుండి అమావాస్య. ఎల్లుండి నాటకండి. అష్టమి దాకా ఆగి చూడండి," అన్నాడు. నేను ఆయనను కూర్చోమని కూడా అనలేదు. మేము తిథులూ వర్జ్యాలూ చూసేవాళ్ళము కామని నవ్వి పంపించాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆదివారం ప్రసంగంలో, దినములను మాసములను ఆచరించడం గురించి పౌలు గలతీయులను మందలించిన మాట ఎత్తుకుని, అమావాస్యకు భయపడేవారి అజ్ఞానాన్ని గురించి అరగంట మాట్లాడాను. కిటికీ అవతల ఆయన మనవడు నిలబడి వింటున్నాడని నాకు తరువాత తెలిసింది.

భోజనాలయ్యాక వెళ్ళేసరికి నీరు చాలా దూరం తీసేసి ఉంది. అరిటాకు పరిచినట్టు నున్నని బురద. ఇంత నేలను దేవుడు మన కోసమే బయటపెట్టాడని నేనే అన్నాను. పాటలు పాడుకుంటూ సాయంత్రంలోగా 2,000 మొక్కలూ నాటేశాము.

అష్టమి వచ్చింది. అమావాస్యకూ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, నీరు వెనక్కి పోయే పాటు కూడా బాగా తీస్తుంది. అష్టమి నవముల ప్రాంతంలో పోటూ అంతంతమాత్రం, పాటూ అంతంతమాత్రం. మేము నాటిన బురద ఆ రోజులలో అసలు బయటపడనే లేదు. మొక్కలు పగలూ రాత్రీ తల మునిగి నీళ్ళలోనే ఉండిపోయాయి. మడ చెట్టు ఉప్పునీటిలో బతుకుతుందన్నంతవరకే నేను చదువుకున్నాను. దాని వేళ్ళు బురదను చీల్చుకుని పైకి వచ్చేది గాలి కోసమేననీ, రోజులో కొన్ని గంటలైనా నేల బయటపడకపోతే పిల్ల మొక్క ఊపిరాడక చస్తుందనీ ఆలోచించలేదు. బతికి ఉన్న కాస్తంత కాండాలకు గుల్లలు పట్టాయి. క్రిస్మస్ నాటికి మిగిలినవాటిని చేతి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మొక్కలు నాటిన ఉత్సాహంలో మేము ఒడ్డున వదిలేసిన పాలిథీన్ సంచులు మాత్రం కొన్ని నెలలపాటు ఆ పల్లెవాళ్ళ వలలలో పడుతూనే ఉన్నాయి.

ఆ పెద్దాయన చెప్పినది ముహూర్తం కాదమ్మా, నీటి కొలత. ఏ నేల ఎన్ని గంటలు మునుగుతుందో, ఎన్ని గంటలు ఆరుతుందో తిథుల లెక్కలో చెప్పాడు, ఎందుకంటే సముద్రం నడిచేది ఆ లెక్క మీదనే. నేను ఆయన మతాన్ని విన్నాను గాని మాటను వినలేదు. క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వేరే సంగతి మాట్లాడి వచ్చేశాను. ఆ తరువాత నన్ను బదిలీ చేశారు. ఆయన పోయిన కబురు కూడా ఆలస్యంగా తెలిసింది.

అందుకని, నువ్వు రామాలయంవారినీ మసీదువారినీ పిలిచానన్నప్పుడు నాకు మొదట వచ్చిన ప్రశ్న, ఎప్పుడు పిలిచావని. అంతా నిర్ణయించి ప్రారంభోత్సవానికి పిలిచావా, స్థలం ఎంచక ముందే వెళ్ళి అడిగావా? ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పీతలు పట్టుకునే ఆడవాళ్ళు ఏ దారిన నడుస్తారో, పడవలు ఎక్కడ కడతారో, వల ఎక్కడ లాగుతారో తెలియకుండా కర్ర పాతవద్దు. ఇంకొక సంగతి: చర్చి పేరుతో బోర్డు పెట్టవద్దు. నేను పెట్టాను. ఆ నేలను చర్చివాళ్ళు ఆక్రమించుకుంటున్నారని పక్క ఊరిలో పుకారు పుట్టి, రామాలయం మండపంలో మాకు చోటిచ్చినవాళ్ళే నెల రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. తప్పు వాళ్ళది కాదు.

అసలు నాటవలసిన అవసరం ఉందో లేదో కూడా చూడు. పోటు నీరు చేరని చోట నేల చౌడెక్కి మడ చచ్చిపోతుంది. అక్కడ ఎన్ని మొక్కలు పెట్టినా ప్రయోజనం ఉండదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారూ అటవీశాఖవారూ గోదావరి, కృష్ణా మడ అడవులలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నడుమ పెద్ద కాలువ, దానికి ఇరుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తీసి, పోటు నీటిని లోపలికి రానిచ్చారు. నీరు వచ్చి పోతూ ఉంటే ఉప్పు కడుక్కుపోతుంది, విత్తనాన్ని కూడా నీరే తెస్తుంది. ఆదికాండములో తోట వేసినవాడు దేవుడు. నరునికి అప్పగించినది దాన్ని "సేద్యపరచుటకును దాని కాచుటకును" మాత్రమే. కాచుట అంటే ఏమిటో డెల్టాలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా? 1986 ఆగస్టు వరదలో మీ తాతగారు లాంతరు పట్టుకుని రాత్రంతా ఏటిగట్టు కాచారు. గట్టులో ఎలుక బొరియ కనబడితే ఇసుక బస్తా వేసి, దాని మీద తాను కూర్చున్నారు. మొక్కలు నాటడానికి ఒక్క ఆదివారం చాలు. కాచడానికి మూడేళ్ళపాటు వంతుల వారీగా ఎవరు వెళతారో ఆ జాబితా రాసి నాకు పంపు. దానిని చూసి నీ పథకం మీద నా అభిప్రాయం చెబుతాను.

నీకు కష్టమైన మాట ఒకటి మిగిలింది. మీ సంఘంలో రొయ్యల చెరువులు ఉన్నవారు ఎందరో నాకు తెలుసు, వారి కానుకల బరువు కూడా తెలుసు. చెరువు గట్లు వేసి పోటు నీటికి అడ్డం కట్టినవాళ్ళూ, రొయ్యలు పట్టే నాడు చెరువు నీరు శుద్ధి లేకుండా ఏటిలోకి వదిలేవాళ్ళూ ఆదివారం వచ్చి మొక్క నాటితే ఏటికి ఒరిగేది లేదు. వారిని వేదిక మీద నిందించవద్దు, అది నా పాత జబ్బు. ఇంటికి వెళ్ళి, కాఫీ ఇస్తే తాగి, వదిలేసిన చెరువుల గట్లకు గండ్లు పెట్టనిస్తారేమో అడుగు. ఒక్కరు ఒప్పుకున్నా నీ వెయ్యి మొక్కలకంటే ఎక్కువ. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది, సముద్రమట్టం పెరుగుతోంది, ఉప్పాడలో అలలు ఇళ్ళు తీసుకుపోతున్నాయి. ఉన్న బురదను పట్టి ఉంచేది ఆ వేళ్ళే.

కోప్పడ్డానని అనుకోకు. నిన్ను ఆపడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఆ పెద్దాయన మనవడు ఇప్పుడు సొంత పడవ నడుపుతున్నాడట. మీ నాన్నకు ఇల్లు తెలుసు. ముందు అక్కడికి వెళ్ళు. ఫలానా అయ్యగారి తమ్ముడి కూతురినని చెప్పు. అతను ముఖం తిప్పుకుంటే తిప్పుకోనీ, కాసేపు కూర్చో. వచ్చే అమావాస్యకు ఒకసారి, అష్టమికి ఒకసారి అతని పడవలోనే వెళ్ళి, నీరు ఎక్కడ నిలిచిందో కర్రలు పాతి గుర్తు పెట్టుకో. అష్టమికి నేను కూడా వస్తాను, నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

తిథులకు పంచాంగం కావాలంటే కొననక్కరలేదు. ఆ క్రిస్మస్ తరువాతి నుంచీ ప్రతి ఉగాదికీ ఒకటి కొంటున్నాను. నా బల్ల సొరుగులో, బైబిలు కింద ఉంటుంది. మీ పెద్దమ్మకు తెలుసు.

నీ పెదనాన్న