ప్రభుత్వం ఎంత ఉండాలి? పింఛను పంపిణీలో నేను చూసింది

ప్రశ్న: ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే జనానికి అంత మేలని కొందరు, అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలని కొందరు అంటారు. మీ అనుభవంలో ఏది నిజం?

ఏ పని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోకుండా ఈ వాదనలోకి దిగితే తెల్లవార్లూ తెగదు. నాకు తెలిసిన ఒక్క పని తీసుకుని చెబుతాను: ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను పంపిణీ. గత కొన్నేళ్లలో అదే డబ్బును మూడు నాలుగు పద్ధతుల్లో పంచి చూశారు. మా ఇంట్లో వాటన్నిటినీ దగ్గరగా చూశాం.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మమ్మ ఊళ్లోనే ఉంటుంది. ఆమె కాగితాల పనులన్నీ నావే. 2014 దాకా వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలే. ఆ ఏడాది వెయ్యి అయింది, 2024 జనవరికి మూడు వేలకు చేరింది. అంటే కాలక్షేపానికి వచ్చే డబ్బు కాస్తా మందులూ కూరగాయలూ గడిచే డబ్బు అయింది. అది ఒకటో తారీఖున చేతికి రాకపోతే ఇంట్లో టెన్షనే.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రమంతటా 15 వేల సచివాలయాలు, వాటిలో పరీక్ష రాసి వచ్చిన లక్షకు పైగా ఉద్యోగులు. వాళ్లకు తోడు సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5 వేల గౌరవ వేతనం మీద రెండున్నర లక్షల మంది వాలంటీర్లు. ఒకటో తారీఖు తెల్లవారకముందే మా వీధి అబ్బాయి వచ్చి తలుపు కొట్టేవాడు. అమ్మమ్మ జీవితమంతా వరినాట్లు వేసిన మనిషి. వేలిముద్రలు అరిగిపోయాయి, మెషీన్ ఒక పట్టాన తీసుకోదు. అతను ఆమె చెయ్యి తడిగుడ్డతో తుడిచి, బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే ఇంకోటి పెట్టించి, చివరికి నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. పట్టేది పది నిమిషాలే, కానీ ఆ పది నిమిషాల ఓపిక ఏ యాప్‌లోనూ ఉండదు.

2024 ఎన్నికలప్పుడు వాలంటీర్లతో డబ్బు పంచించవద్దని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయానికి వెళ్లి తీసుకోవాల్సి వచ్చింది. మేలో, మంచాన పడ్డవాళ్లను, నడవలేనివాళ్లను మినహాయించి, చాలామందికి నేరుగా బ్యాంకు ఖాతాలో వేశారు. చిన్న ప్రభుత్వం కావాలనేవాళ్లు ఎప్పుడూ చెప్పే పద్ధతి ఇదే కదా: మధ్యలో మనుషులు వద్దు, డబ్బు ఖాతాలో వేసేస్తే చాలు. అమ్మమ్మ ఖాతా ఎప్పుడో డ్వాక్రా రోజుల్లో తెరిచింది. డబ్బు పడింది, కానీ కేవైసీ లేదని ఖాతా ఆపేసి ఉంది. మే 13న ఓటేయడానికి ఊరు వెళ్లిన నేను మర్నాడు ఆమెను ఆటోలో మండల కేంద్రానికి తీసుకెళ్లాను. బ్యాంకు బయట మెట్ల మీద, చెట్టు కింద ఆమె వయసువాళ్లే నిండిపోయి ఉన్నారు. కొందరికి ఏ బ్యాంకులో డబ్బు పడిందో కూడా తెలియదు. మే నెల ఎండ సంగతి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆమెకు నేనున్నాను. ఎవరూ లేనివాళ్ల మాటేమిటి?

ఇక్కడితో ఆపేస్తే “కాబట్టి వాలంటీర్లు ఉండాల్సిందే” అనిపిస్తుంది. తర్వాత జరిగింది కూడా చెప్పాలి. జులై 1న కొత్త ప్రభుత్వం పింఛను నాలుగు వేలు చేసి, ఏప్రిల్ నుంచి పెరిగిన బకాయి కూడా కలిపి ఏడు వేలు ఇచ్చింది. ఇంటింటికీ తిరిగి పంచింది సచివాలయ ఉద్యోగులే. వాలంటీర్లు లేకుండానే పని జరిగిపోయింది. నాకు దీంట్లో రెండు పక్షాలకూ సమాధానం కనిపిస్తుంది. రెండున్నర లక్షల మంది అదనంగా అక్కర్లేకపోయింది. అయితే ఊళ్లో సచివాలయమూ, అందులో జీతం తీసుకునే మనిషీ ముందే ఉండబట్టే అది సాధ్యమైంది. అదీ లేకపోయుంటే మళ్లీ బ్యాంకు మెట్లే గతి.

ఇంకో తేడా కూడా ఉంది. వాలంటీరు ఉద్యోగానికి సర్వీసు రూల్సు ఉండేవి కావు. ఎవరి దయతో వచ్చాడో వాళ్లకే జవాబుదారీ అన్న అనుమానం ఊళ్లో ఉండేది, పార్టీల గొడవంతా అక్కడే. మా వీధి వాలంటీరు మంచివాడే, కానీ ఇంటింటి వివరాలన్నీ ఒకరి ఫోన్లో ఉండడం నాకు మొదటినుంచీ నచ్చలేదు. పరీక్ష రాసి వచ్చిన ఉద్యోగి తప్పు చేస్తే ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలుసు. ఎంతమంది ఉన్నారన్నదానికంటే నాకు ఇది ముఖ్యం.

అలాగని ప్రతి పనిలోనూ ప్రభుత్వం ఉండాలని అనను. ల్యాండ్‌లైన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మనకు తెలుసు. పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం 1991లో పరిశ్రమల లైసెన్సులు చాలావరకు ఎత్తేసింది, తర్వాత కొన్నేళ్లకు మొబైల్ ఫోన్లు ప్రైవేటు కంపెనీల ద్వారా వచ్చాయి. ఆ పాత రోజులు తిరిగి రావాలని కోరుకునేవాళ్లు నాకైతే తగల్లేదు. ధాన్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మామయ్య మాట వేరు. మద్దతు ధరకు తేమ 17 శాతం మించకూడదు. గోనె సంచులు లేవనో, లారీ రాలేదనో ప్రభుత్వ కొనుగోలు నాలుగు రోజులు ఆగిందంటే చాలు, కళ్లంలో ధాన్యం మీద మబ్బు పట్టేలోపు దళారి చెప్పిన రేటుకే ఇచ్చేయాలి. ప్రభుత్వం కొంటుందన్న నమ్మకం ఉంటేనే దళారి కూడా సరైన రేటు చెబుతాడు.

మన దేశంలో ప్రభుత్వం మరీ పెద్దదైపోయిందని తరచూ వింటాం. జనాభాతో పోల్చి చూస్తే ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్య మనకంటే అమెరికాలోనే ఎక్కువ. మనకు ఎక్కువగా ఉన్నది అనుమతులు, సర్టిఫికెట్లు, సంతకాలు. పొలం గట్టు తగాదా తేల్చడానికి సర్వేయరు దొరకడు. ప్రభుత్వమే ఇచ్చిన కుల ధ్రువీకరణను ప్రభుత్వ ఆఫీసులకే మళ్లీ మళ్లీ చూపించడానికి మాత్రం పిల్లలు కాలేజీ మానుకుని తిరుగుతుంటారు. ఒకసారి ఇచ్చిన పత్రాన్ని ఆఫీసులే కంప్యూటర్లో చూసుకుంటే ఆ తిరుగుడు ఉండదు. అక్కడ మిగిలే జీతాలతో మండలానికి ఇద్దరు ముగ్గురు సర్వేయర్లను ఎక్కువ పెట్టమంటాను.