కలంకారీ దుకాణానికి ఉచిత ఎడిటర్: నా సలహా

నమస్కారమండీ. శ్రీకాళహస్తిలోని మీ కలంకారీ దుకాణానికి నాలుగు వెబ్ పేజీలు కావాలి, వాటిని రాసే హెచ్‌టీఎంఎల్ కోడ్ రాదు, డబ్బు పెట్టలేను అన్నారు. సీమంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. అందులో బ్రౌజర్‌తో పాటు కంపోజర్ అనే ఎడిటర్ వస్తుంది. వర్డ్‌లో ఉత్తరం రాసినట్టే పని. దాదాపు కంపోజర్ లాంటి పేరుతోనే, ‘కె’ అక్షరంతో మొదలయ్యే ఎడిటర్ మరొకటి ఉంది. అది 2010 తర్వాత కదలలేదు, దాని జోలికి వెళ్లకండి.

తిరుపతిలో మా బావగారి లాడ్జికి నేను పేజీ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైంది. తప్పు నాదే, ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి, చూసుకోలేదు. మీరు సేవ్ చేసేటప్పుడు తెలుగు సరిగ్గా నిలిచే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా పెట్టండి.

అసలు చిక్కు ఫోనుతో. కొనేవాళ్లు చూసేది అందులోనే కదా! పేజీని ఫోను తెర వెడల్పుకు సర్దమని బ్రౌజర్‌కు చెప్పే ఒక వరుస కోడ్ ఉంటుంది, దాన్ని వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. కంపోజర్ దాన్ని తనంతట తాను చేర్చదు. పేజీ కోడ్ కనిపించే సోర్స్ ట్యాబ్ తెరిచి, పైనుండే హెడ్ భాగంలో ఆ ఒక్క వరుస మీరే అతికించాలి. చీరల ఫొటోలను కెమెరా నుంచి నేరుగా ఎక్కించకండి, వెడల్పు వెయ్యి పిక్సెళ్లకు తగ్గించండి. గీతల సొగసు ఎక్కడికీ పోదు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే, బ్రౌజర్‌లోనే పేజీలు కట్టుకునే గూగుల్ సైట్స్ ఉంది. ఫోనుకు తగ్గట్టు అదే సర్దుకుంటుంది, హోస్టింగ్, అంటే పేజీలను ఇంటర్నెట్‌లో ఉంచే చోటు, కూడా ఉచితం. అయితే రేపు పేజీలను మరోచోటికి మార్చాలంటే మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సిందే.