టెక్ సందేహాలు: క్రాక్ వేరు, ఫ్రీ వేరు

ఈ వారం కూడా ఉత్తరాలు తెరవగానే అదే పాట. "సార్, ఫలానా సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరికే లింకుంటే పంపండి." ఫలానా అంటే వేలు పోసి కొనాల్సింది. ఫ్రీ అంటే క్రాక్, ఎవడో తాళం పగలగొట్టి, లోపల తనకి కావాల్సిందేదో పెట్టి, జిప్ చేసి టెలిగ్రామ్‌లో పడేసింది. పంపను. అడిగినవాళ్ళ మీద కోపం లేదు గానీ, నిజంగా ఫ్రీగా ఇచ్చేవాళ్ళు ఇంతమంది ఉండగా వాళ్ళ గుమ్మం తొక్కకుండా దొంగసరుకు దగ్గర క్యూ కట్టడం ఏమిటో నాకు అర్థం కాదు.

పలాస నుంచి ఒక నెట్ సెంటర్ ఆయన రాశారు: "నా దగ్గర మూడు పాత సిస్టమ్‌లు ఉన్నాయి. వాటిలో ఉన్న విండోస్ 10 ఓఎస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయన్నారు, కొత్తది ఎక్కించబోతే ఈ మెషిన్ పనికిరాదంది. తెలిసిన కుర్రాడొకడు ఏదో కిటుకు చేసి ఎక్కించి, లైసెన్సు కొనకుండానే కొన్నట్టు చూపించే యాక్టివేటర్ కూడా వేశాడు. అప్పట్నుంచి యాంటీవైరస్ రోజూ ఎర్ర బాక్స్ చూపిస్తోంది, కస్టమర్ల ముందు టెన్షన్‌గా ఉంది. దాన్ని ఎలా ఆపాలి?"

ఆపకండి. ముందు ఆ ఎర్ర బాక్సుకి దండం పెట్టండి, మీ సెంటర్లో బుద్ధిగా పనిచేస్తున్నది అదొక్కటే. ఆ కుర్రాడు ఏం చేసి ఉంటాడో నేను చూడకుండానే చెప్తాను. యాంటీవైరస్‌ని కాసేపు ఆపాడు, అడ్మిన్ పర్మిషన్ అడిగితే ఎస్ కొట్టాడు, ఇంకెప్పుడూ ఆ ఫోల్డర్ జోలికి వెళ్ళొద్దని స్కానర్‌కి మినహాయింపు పెట్టబోయి మర్చిపోయాడు. ముక్కూ మొహం తెలియనివాడికి తాళాల గుత్తి ఇచ్చి, వాడు లోపల తిరుగుతున్నంతసేపూ కుక్కని కట్టేసినట్టు. ఇప్పుడు మీరు ఆ కుక్క నోరు కూడా కట్టేస్తానంటున్నారు.

ఇలా వచ్చేవాటిలో చాలావాటికి కన్ను బ్రౌజర్ మీదే. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలనీ పట్టుకుపోతాయి. మీరు లాగిన్ అయ్యారని సైటు మీ బ్రౌజర్‌కి ఇచ్చే చీటీ లాంటిది కుకీ. ఆ చీటీ ఇంకొకడి చేతికి చిక్కితే వాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, చాలాచోట్ల ఓటీపీ కూడా అక్కర్లేదు, ఎందుకంటే సైటు దృష్టిలో వాడు కొత్తగా వచ్చినవాడు కాదు, ఇందాకటి మీరే. "ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది కదా" అని ధీమాగా ఉండేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

సొంత కంప్యూటర్ అయితే పోయేది మీదొక్కరిదే. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది నెట్ సెంటర్ కంప్యూటర్. కిందటి నెల విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఒక సెంటర్‌కి మా పిన్ని ఆధార్ ప్రింట్ కోసం వెళ్ళాను. గోడకి పైడితల్లి అమ్మవారి క్యాలెండర్, స్క్రీన్ కింద కుడివైపు యాక్టివేట్ చేసుకోమని బూడిదరంగు అక్షరాలు. అతను డౌన్‌లోడ్స్ తెరిచి కిందకి లాగుతున్నాడు, లాగుతూనే ఉన్నాడు. ఆధార్ పీడీఎఫ్‌లు, రేషన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫోటోలు, ఎవరి పిల్లదో టెన్త్ మార్కుల లిస్టు. "ఇవన్నీ తీసెయ్యవా బాబూ?" అంటే, "మళ్ళీ వస్తారు కదండీ, అప్పుడు మళ్ళీ ఓటీపీ అడగక్కర్లేకుండా ఉంటాదని" అన్నాడు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఫైలు పేరు చాలాసార్లు మనిషి పేరే, పుట్టిన సంవత్సరం పక్కనున్న మార్కుల లిస్టులోనో రేషన్ కార్డులోనో ఉంటుంది. దాన్ని పాస్‌వర్డ్ అనడం మర్యాద కోసం.

కాబట్టి పలాస బాబుగారూ, ఆ మూడు సిస్టమ్‌లనీ ఫార్మాట్ కొట్టించండి, అవసరమైన మీ సొంత డాక్యుమెంట్లు తప్ప ఇంకేమీ వెనక్కి తేవద్దు. మీ పాస్‌వర్డ్‌లు మార్చేది మాత్రం వాటిలో కాదు, వేరే శుభ్రమైన ఫోన్‌లోంచి. మార్చాక 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' అనేది కూడా నొక్కాలి, లేకపోతే పాత చీటీ కొన్నిచోట్ల ఇంకా చెల్లుతుంది. కస్టమర్ల ఫైళ్ళు ప్రింట్ అయిన వెంటనే షిఫ్ట్ పట్టుకుని డిలీట్. ఆధార్ అడిగిన చోట సరిపోతుందంటే మాస్క్‌డ్ ఆధార్ తీసివ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి.

ఇక పాత మెషిన్ల సంగతి. ఆ ఓఎస్‌కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిన మాట నిజమే. కొత్తదానికి, అంటే విండోస్ 11కి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ కూడా వాళ్ళ జాబితాలో ఉండాలి. సెక్యూరిటీ మంచిదే, కాదనను. కానీ ఎనిమిదేళ్ళ మెషిన్, ర్యామ్ బాగుంది, కీబోర్డు బాగుంది, ఫ్యాను తిరుగుతోంది, దాన్ని తీసుకెళ్ళి పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వమనే అప్‌డేట్‌ని నేను అప్‌డేట్ అనను. మన దగ్గర ఎద్దు ముసలిదైతే తేలికపాటి పని చెప్తారు గానీ కేలండర్ చూసి తోలెయ్యరు.

దానికి తేలికపాటి పని లినక్స్ అనే ఉచిత ఓఎస్. మింట్ అనే రకం పెట్టండి, 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, దాని 22వ వెర్షన్‌కి 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. ఆ చూసేటప్పుడే ప్రింటర్, స్కానర్ తగిలించి చూడండి. అసలు తలనొప్పి వేలిముద్ర మెషిన్‌తో, డిజిటల్ సంతకం టోకెన్‌తో. వాటిలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు ఉండవు. అందుకని మూడూ మార్చెయ్యకండి, వేలిముద్ర పని జరిగేదానికి ఒకటి సక్రమంగా కొన్న విండోస్ లైసెన్సుతో ఉంచి, టైపింగూ ప్రింట్లూ జరిగే మిగతా రెండూ మార్చండి. ప్రజలందరూ వాడి తీరాల్సిన సేవకి కొన్నిచోట్ల ఒకే కంపెనీ ఓఎస్ మీద నడిచే డ్రైవర్ ఇచ్చి ఊరుకోవడం ఎవరి ఆలోచనో గానీ, ఆ ఒక్క కారణంతో ఎన్ని సెంటర్లు క్రాక్ బారిన పడుతున్నాయో వాళ్ళకి పట్టదు.

రాజాం నుంచి ఒక టీచరమ్మగారు: "మా క్లాసులో చూపులేని బాబున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేర్ ఉంది. డీటీపీ చేయించిన తెలుగు నోట్సు పంపితే అది ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ చదువుతోంది. సాఫ్ట్‌వేర్ మార్చాలా?"

సాఫ్ట్‌వేర్‌ది తప్పు కాదమ్మా, ఉన్నది ఉన్నట్టే చదువుతోంది. తప్పు నోట్సుది. మన డీటీపీ వాళ్ళు ఏళ్ళ తరబడి వాడుతున్న పాత ఫాంట్లలో ఫైలు లోపల తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, ఫాంటు వాటికి తెలుగు ముసుగు తొడుగుతుంది. కళ్ళున్నవాడికి ముసుగు కనిపిస్తుంది, వినేవాడికి లోపలిది వినిపిస్తుంది. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే మనకీ అదే గతి.

యూనికోడ్ అలా కాదు, అందులో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉంటుంది. మీ జిల్లా పక్కనున్న 'శ్రీకాకుళం' తీసుకోండి. అందులో మొదటి 'శ్రీ' ఫైల్లో నాలుగు ముక్కలుగా ఉంటుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. రవొత్తు ఎక్కడ వంగాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అన్నది తెరమీద గీసేటప్పుడు చూసుకుంటారు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, టైపింగ్ పనులకి వాడే లిబ్రెఆఫీస్‌లో ఈ కూర్పు పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఒకటే సాఫ్ట్‌వేర్. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, వాడుకోవచ్చు. రోజూ మనం పంపుకునే గుడ్‌మార్నింగుల్లో ఒత్తులన్నీ పెట్టేది అదే, దాని పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

బాబు వాడుతున్నది బహుశా ఎన్‌వీడీఏ. కాకపోయినా అదే పెట్టించండి, ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టింది మైకేల్ కరన్, ఆయనతో కలిసింది జేమ్స్ టే, ఇద్దరూ చూపులేనివాళ్ళే. దాంతోపాటు వచ్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది. రోబో మాట్లాడినట్టుంటుంది, మొదట్లో నవ్వొస్తుంది కూడా, కానీ అలవాటుపడ్డవాళ్ళు దాన్ని మనం చదివేదానికన్నా వేగంగా పెట్టుకుని వింటారు. పాత ఫాంటు నోట్సుని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు మాత్రం ఒకసారి కంటితో సరిచూడాలి.

డీటీపీ ఆయనతో గొడవపడకండి. సిరిమానోత్సవం ముందు రోజుల్లో ఒక్కో ఫ్లెక్సీ గంటలో కావాలంటే చేతికి అలవాటైన కీబోర్డే వాడతాడు మరి. 'యూనికోడ్‌లో ఫాంట్లు బాగుండవండీ' అంటాడు. అప్పుడు ఆయనకి గురజాడ ఫాంటు చూపించండి, గిడుగు ఫాంటు చూపించండి. విజయనగరం అప్పారావుగారి పేరుతో ఒకటి, శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తిగారి పేరుతో ఇంకొకటి. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, ఓపెన్ లైసెన్సుతో, పెళ్ళికార్డుకైనా పుస్తకానికైనా ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు. చదువురానివాడికీ అర్థమయ్యేలా రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు పుట్టిన ప్రాంతంలో, చూపులేని పిల్లాడికి వినపడని తెలుగు టైపు చేస్తున్నాం.

ప్రశ్న పక్కదారి పట్టినా ఇది చెప్పాలి. ఆఫీసుల నుంచి వచ్చే సర్క్యులర్లు ఇంకా ఘోరం. కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, దాన్ని వంకరగా స్కాన్ చేసి వాట్సాప్‌లో పెడతారు. అందులో అక్షరాలే ఉండవు, అక్షరాల బొమ్మ ఉంటుంది. ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ అనే సంస్థ ఉబుంటు మీద తయారుచేసిన సొంత లినక్సే నడుస్తోంది, పిల్లలు దానిమీదే నేర్చుకుంటున్నారు, వాళ్ళ చదువేమీ ఆగిపోలేదు. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ కొడితే తెరుచుకునే దీక్ష కూడా సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ మీద కట్టిందే. పునాది అంతా తెరిచే ఉంది, మనం పైన మూతలు పెట్టుకుంటున్నాం.

చీపురుపల్లి నుంచి బీటెక్ కుర్రాడు కొంచెం ఎగతాళిగానే అడిగాడు: "కోడ్ అందరికీ కనిపిస్తే దొంగలకీ కనిపిస్తుంది కదా సార్, ఇంకేం సెక్యూరిటీ?"

కనిపిస్తుంది. 2024లో ఎక్స్‌జెడ్ (XZ) అనే సాఫ్ట్‌వేర్‌లో జరిగింది అదే. లినక్స్ సర్వర్లలో ఫైళ్ళని కుదించే చిన్న పనిముట్టు అది. దాన్ని చూసుకునే ఆయన ఒక్కడే, జీతం లేదు, అలసిపోయి ఉన్నాడు. ఒకడు రెండేళ్ళకి పైగా బుద్ధిమంతుడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి దాంట్లో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకి సర్వర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. మార్చి 29న అందరికీ చెప్పేశాడు. కోడ్ తెరిచి ఉండబట్టే తవ్వగలిగాడు, మూసి ఉంటే 'నెట్ స్లోగా ఉందేమో' అనుకుని ఊరుకునేవాడు. కాబట్టి బాబూ, తెరిచి ఉంటేనే భద్రం అని నేననను. తెరిచినదాన్ని చూసే కళ్ళు కావాలి, ఆ కళ్ళున్నవాడికి ఇంత అన్నం పెట్టాలి. ఆ రెండో భాగమే జరగడం లేదు, దాని మీద కోట్లు గడించే కంపెనీలు కూడా పెట్టడం లేదు.

చివరిగా నరసన్నపేట నుంచి, రిటైరైన పోస్టుమాస్టరుగారు: "నాకు కోడింగ్ రాదు. ఈ ఓపెన్ సోర్స్ వాళ్ళకి నేనేం చెయ్యగలను?"

మీలాంటివారే కావాలండీ. లిబ్రెఆఫీస్ తెలుగులో పెట్టుకుని వారం రోజులు వాడండి. మెనూలో ఎక్కడైనా అర్థంకాని సంస్కృతం కనబడితే దాని అనువాదం వెబ్‌లేట్ సైట్లో మార్చమని సూచించొచ్చు, మీ ముప్ఫై ఏళ్ళ ఆఫీసు తెలుగు అక్కడ పనికొస్తుంది. ఇంకోటి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అందరూ కలిసి గీసుకునే ఉచిత మ్యాపు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి జీడితోటలూ కొబ్బరిచెట్లూ దారికడ్డంగా పడిపోయినప్పుడు, ఉద్దానంలో ఒక చిన్న ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, నేను ఫోన్‌లో మ్యాపు పెట్టి చూస్తే ఆ ఊరి చోట ఉత్త పచ్చరంగు ఉంది. చివరికి దారి చెప్పింది సైకిల్ మీద వస్తున్న పోస్ట్‌మ్యానే. మీ డివిజన్లో ఏ పేటకి ఏ దారో మీ బుర్రలో ఉంది కదా. ముందు మీ సొంత వీధితో మొదలుపెట్టండి, గుడి, బోరింగు, రచ్చబండ పెట్టండి. అకౌంట్ తెరిచేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఆ స్క్రీన్ ఫోటో తీసి పంపండి, పాస్‌వర్డ్ మాత్రం కనబడకుండా.